ఫజ్ నొక్కగానే బ్యాండ్‌లో బేస్ మాయం: తప్పు పెడల్‌దా, తీగల సెటప్‌దా?

లోఎండ్_కృష్ణలంక

నమస్తే అందరికీ. నాది పాసివ్ (లోపల బ్యాటరీ ఉండని) జాజ్ తరహా 4 తీగల బేస్ గిటార్. 34 అంగుళాల స్కేల్, 45–105 నికెల్ రౌండ్‌వౌండ్ తీగలు. పెడల్ బిగ్ మఫ్ సర్క్యూట్ మీద చేసిన చౌకరకం ఫజ్, అంటే శబ్దాన్ని కావాలనే గరుకుగా చేసేది. ఇంట్లో ఒంటరిగా వాయిస్తే కిటికీ అద్దాలు అదురుతాయి. డ్రమ్స్, కీబోర్డ్, గిటార్ కలిశాక పెడల్ నొక్కితే మాత్రం సీసాలో తుమ్మెద తిరిగినట్టు రొద ఒక్కటే మిగుల్తోంది, కింది స్వరం ఎటు పోతుందో తెలీదు. ఆంప్‌లో బేస్ నాబ్ పెంచితే స్పీకర్ కొట్టుకుంటోంది గానీ వినపడటం లేదు.

ఇంకో మూడు బాధలు. ఇ తీగ మీద 3 నుంచి 5 ఫ్రెట్ల దాకా గరగర, అదీ ఫజ్ వేసినప్పుడే. అడాప్టర్ మీద హమ్, కరెంటు పోయి ఇన్వర్టర్ వస్తే అది రెట్టింపు. చర్చిలో ఆంప్ ఉండదు, డీఐ (బేస్‌ని మిక్సర్‌కి కలిపే పెట్టె) నుంచి నేరుగా మిక్సర్‌కే. అక్కడ ఫజ్ వేస్తే రేకు మీద ఇసుక పోసినట్టుంది. పెడల్ మార్చాలా?

సోల్డర్_వాసన

పెడల్ మార్చొద్దు తమ్ముడూ. ముందు ఆంప్ మీద బేస్ నాబ్‌ను మామూలు స్థానానికి తెచ్చెయ్. నీకు తక్కువైంది కింది శబ్దం కాదు, మధ్య శబ్దం.

బిగ్ మఫ్ టోన్ నాబ్ వెనక రెండు ఫిల్టర్లుంటాయి. 39 కిలోఓమ్‌ల రెసిస్టర్, 10 నానోఫారడ్ కెపాసిటర్ కలిసి సుమారు 400 హెర్ట్జ్ పైన కోస్తాయి. 3.9 నానోఫారడ్, 22 కిలోఓమ్‌లు కలిసి సుమారు 1,850 హెర్ట్జ్ కింద కోస్తాయి. నాబ్ నడిమిలో పెడితే ఈ రెంటి మధ్య, దాదాపు 1 కిలోహెర్ట్జ్ దగ్గర, పెద్ద గుంట పడుతుంది. ఒంటరిగా వింటే ఆ గుంటే గంభీరంగా ఉంటుంది. బ్యాండ్‌లో 100 హెర్ట్జ్ కింద కిక్ డ్రమ్ కూర్చుంటుంది, 200 దగ్గర కీబోర్డ్ వాళ్ల ఎడమ చెయ్యి తిరుగుతుంటుంది, పైన గిటార్, సింబల్స్. నీ బేస్ ఏ స్వరం పలుకుతోందో చెవికి తెలిసేది 500 నుంచి 1,000 హెర్ట్జ్ మధ్యలో. సరిగ్గా అక్కడే నీ పెడల్ గొయ్యి తవ్వి పెట్టింది.

పెడల్ విప్పి చూడు. కాళ్లున్న మామూలు కెపాసిటర్లయితే 392 అని రాసున్నది తీసి, 103 అని ఉన్న 10 నానోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ వెయ్. రెండో ఫిల్టర్ 1,850 నుంచి 720 హెర్ట్జ్ దగ్గరికి దిగొస్తుంది, గుంట చాలావరకు పూడుతుంది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు. ఒక్కో కాలు మీద మూడు సెకన్లకు మించి ఉంచితే బోర్డు మీది రాగి లేచిపోతుంది. లోపల బియ్యపు నూక సైజు ఎస్ఎండీ ముక్కలుంటే మాత్రం మూత పెట్టెయ్. పెడల్ తర్వాత ఒక ఈక్యూ పెట్టి 700 హెర్ట్జ్ దగ్గర 4–5 డెసిబెల్స్ లేపినా చాలావరకు అదే పని అవుతుంది.

రెండోది క్లీన్ బ్లెండ్, అంటే ఫజ్ తగలని సిగ్నల్‌ని ఫజ్‌తో కలపడం. ఫజ్ ఏదైనా తరంగం నెత్తి కోసి చదును చేస్తుంది. మీటిన దెబ్బకీ, మోగే తోకకీ మధ్య ఎత్తు తేడా పోతుంది. డ్రమ్స్‌తో కలిసి తోసేది ఆ దెబ్బే. అది క్లీన్ సిగ్నల్ నుంచి రావాలి. సిగ్నల్‌ని విడగొట్టి మళ్లీ కలిపే బాస్ కంపెనీ ఎల్ఎస్-2 పెడల్ (మన లిపిలో బాస్, బేస్ కలిసిపోయి ఎంత గొడవో) ఉంటే నీ బేస్ ఇన్‌పుట్‌లోకి, ఎ సెండ్ నుంచి ఎ రిటర్న్‌కి ఒక పొట్టి ప్యాచ్ కేబుల్, బి లూప్‌లో ఫజ్, మోడ్ ఎ+బి మిక్స్. క్లీన్ 6 పాళ్లు, ఫజ్ 4 పాళ్లతో మొదలుపెట్టు. ఫజ్ మీది సస్టెయిన్ నాబ్ గడియారంలో 10 గంటల దగ్గర చాలు. దాన్ని పూర్తిగా తిప్పితే సస్టెయిన్ పెరిగేది కొంచెమే, రొద పెరిగేది బోలెడు.

వై కేబుల్‌తో పని కానిద్దాం అనుకోకు. సిగ్నల్ విడగొట్టడానికి సరే, కలపడానికి పనికిరాదు. రెండు అవుట్‌పుట్లు ఒకదాన్నొకటి లాక్కుని రెండూ నీరసిస్తాయి.

సరిబేసి

బ్లెండ్ పెట్టాక ఒక పరీక్ష తప్పనిసరి. ఖాళీ ఇ తీగ మీటండి. క్లీన్ ఒక్కటీ వినండి, ఫజ్ ఒక్కటీ వినండి, తర్వాత రెండూ కలపండి. కలిపినప్పుడు విడివిడిగా కంటే పల్చబడితే ఫజ్ పొలారిటీ తిప్పుతోందని, అంటే తరంగాన్ని తలకిందులు చేస్తోందని అర్థం. ఆ తీగ 41 హెర్ట్జ్, ఎదురుబొదురు తరంగాలు ఒకదాన్నొకటి తినేస్తాయి. ఒక్కో కామన్ ఎమిటర్ ట్రాన్సిస్టర్ స్టేజీ ఒక్కోసారి తిప్పుతుంది. బిగ్ మఫ్‌లో నాలుగు కాబట్టి మళ్లీ సూటిగానే వస్తుంది. ఫజ్ ఫేస్ అనే ఇంకో రకం పెడల్‌లో రెండు, అదీ పర్వాలేదు. మూడు స్టేజీల టోన్ బెండర్ రకం ఫజ్‌లతోనే జాగ్రత్త.

ఫజ్ ఫేస్ రకం కొనే ఆలోచన ఉన్నవాళ్లకు ఇంకో మాట. దాని అవుట్‌పుట్ కెపాసిటర్ 0.01 మైక్రోఫారడ్, వాల్యూమ్ 500 కిలోఓమ్‌లు. తర్వాతి పెడల్ ఇన్‌పుట్ 1 మెగాఓమ్ కూడా కలిస్తే కింది శబ్దాల కోత సుమారు 48 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, అంటే ఖాళీ ఇ తీగ అప్పటికే కోతలో ఉంది. అక్కడ 0.1 వేస్తే ఆ బాధ ఉండదు. పైగా అది నేరుగా పాసివ్ పికప్‌ని చూడాలి. ముందు బఫర్ (సిగ్నల్‌కి బలమిచ్చే సర్క్యూట్) గానీ యాక్టివ్ బేస్ గానీ ఉంటే గొంతు కీచుమంటుంది, వాల్యూమ్ తగ్గించినా శుభ్రపడదు. జర్మేనియం ట్రాన్సిస్టర్లయితే వేడికి లీకేజీ పెరిగి బయాస్ (ట్రాన్సిస్టర్ పనిచేసే వోల్టేజి) పక్కకి జరుగుతుంది. మన మే నెలలో ఏసీ లేని హాల్లో సాయంత్రానికి దాని గొంతే మారిపోతుంది. బెజవాడకి సిలికానే మేలు.

నాలుగుతీగలు_గుంటూరు

గరగర గురించి నేను చెప్తా. అది ఫజ్ పుట్టించింది కాదు, ముందే ఉంది. క్లీన్‌లో స్వరం పెద్దది, గరగర చిన్నది కాబట్టి చెవి వదిలేస్తుంది. ఫజ్ రెంటినీ ఒకే ఎత్తుకి తెస్తుంది.

ఆటోనగర్‌లో ఫీలర్ గేజ్ (సన్నటి కొలత రేకుల కట్ట) కొనండి, బైకు మెకానిక్కులు టాపెట్ గ్యాప్ చూసేది. తీగలన్నీ శ్రుతిలో పెట్టి, 1వ ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్) బిగించి, ఇ తీగను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టండి. 7వ ఫ్రెట్ నెత్తికీ తీగ అడుగుకీ మధ్య 0.30 మి.మీ. రేకు ఆనీ ఆననట్టు దూరాలి. తీగ పైకి లేస్తే నెక్ మరీ తిన్నగా ఉంది, రేకు ఆడుతుంటే వంపు ఎక్కువైంది. నెక్ లోపలుండే ట్రస్ రాడ్‌ని సవ్యంగా తిప్పితే వంపు తగ్గుతుంది, అపసవ్యంగా తిప్పితే పెరుగుతుంది. ఒకసారికి పావు చుట్టు దాటొద్దు. తిప్పాక మళ్లీ శ్రుతి చేసి మర్నాడు ఇంకోసారి కొలవండి, చెక్క నిదానంగా కదులుతుంది. రాడ్ మొండికేస్తే బలం పెట్టకండి. అలెన్ కీ సైజు అటూఇటూ అయితే నట్టు లోపలి మూలలు అరిగిపోతాయి, ఆ తర్వాత ఖర్చు వేరు.

వంపు అయ్యాకే ఎత్తు. 17వ ఫ్రెట్ దగ్గర ఇ తీగ కింద 2.4 మి.మీ., జి తీగ కింద 2 మి.మీ. ఫెండర్ చెప్పే కొలతలివి. ఫజ్ ఎక్కువ వాడేవాళ్లు ఇ తీగను ఇంకో పావు మి.మీ. లేపుకోవచ్చు. దాని తర్వాత ఇంటొనేషన్, అంటే ఫ్రెట్ల మీద శ్రుతి సరిచెయ్యడం: 12వ ఫ్రెట్ హార్మోనిక్ కంటే నొక్కిన స్వరం ఎక్కువ పలికితే శాడిల్ (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) వెనక్కి, తక్కువ పలికితే ముందుకి.

గరగర ఎక్కడుందో చూస్తే జబ్బు ఏదో తెలుస్తుంది. ఖాళీ తీగలోనే ఉంటే నట్ (నెక్ తల దగ్గర తీగలు ఆనే పట్టీ) గాడి లోతైంది. మొదటి ఐదు ఫ్రెట్లలో ఉంటే వంపు చాల్లేదు. 12 దాటాకే ఉంటే ఎత్తు తక్కువ, లేదా వంపు మితిమీరింది. ఒక్క ఫ్రెట్ దగ్గరే ఉంటే దాని తర్వాతి ఫ్రెట్ లేచి ఉంది. అది కొలతలతో పోయేది కాదు, ఫ్రెట్ పని తెలిసినవాళ్ల చేతికివ్వాలి.

పికప్ కూడా చూసుకోండి. చివరి ఫ్రెట్ నొక్కినప్పుడు తీగ అడుగు నుంచి 2.5–3 మి.మీ. ఉండాలి. అంతకంటే దగ్గరైతే అయస్కాంతం తీగను లాగి పై ఫ్రెట్లలో స్వరం ఊగుతుంది. క్లీన్‌లో దాక్కున్న ఆ ఊగుడు ఫజ్‌లో బయటపడుతుంది.

మెరిసే కొత్త తీగల మీద ఫజ్ మరీ ముళ్లుముళ్లుగా ఉంటుంది. రెండు మూడు వారాలు వాయించిన తీగలే దీనికి హాయి. కొత్తవైనా బేస్ మీది టోన్ సగానికి తగ్గించి నెక్ పికప్‌తో వెళ్లండి. వాయించని తీగలు ఊరికే మోగుతుంటే బ్రిడ్జి దగ్గర తీగల కింద గిన్నెలు తోమే స్పాంజి ముక్క, వేలెడు వెడల్పు కోసి దూర్చండి. పచ్చ గరుకు భాగం తీసేసి మెత్తటిదే వాడాలి.

లోఎండ్_కృష్ణలంక

గేజ్ తెచ్చి కొలిచా అన్నా. 7వ ఫ్రెట్ దగ్గర 0.10 రేకు కూడా బిగుతుగానే పోతోంది. 17 దగ్గర ఇ తీగ 1.8 మి.మీ. అడాప్టర్‌ని మల్టీమీటర్‌తో చూస్తే, మీద 9 వోల్ట్ అని ఉంది, 13.4 చూపిస్తోంది. అది పాడైందా?

నాలుగుతీగలు_గుంటూరు

0.10 అంటే దాదాపు తిన్నటి నెక్, మీ గరగర అదే. అపసవ్యంగా పావు చుట్టు కంటే తక్కువే తిప్పి రేపు కొలవండి. వంపు పెరిగితే ఎత్తు కూడా కాస్త లేస్తుంది కాబట్టి శాడిళ్లు ఇప్పుడే ముట్టుకోకండి. వానాకాలం మొదట్లో ఒకసారి, సంక్రాంతి చలికి ఇంకోసారి కొలుచుకోవాలి, తేమ మారితే నెక్ కదులుతుంది.

సోల్డర్_వాసన

అడాప్టర్ పాడవలేదు, దాని జాతే అంత. లోపల ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్లు, ఒక కెపాసిటర్ మాత్రమే ఉండి రెగ్యులేటర్ లేనిది. ఫజ్ లాగేది కొద్ది మిల్లీఆంపియర్లే కాబట్టి వోల్టేజి దిగదు, 100 హెర్ట్జ్ హమ్ కూడా తోడొస్తుంది. పెడల్‌లో 10 వోల్ట్ రేటింగ్ ఎలక్ట్రోలైటిక్ ఉంటే ఉబ్బుతుంది కూడా. రెగ్యులేటెడ్ 9 వోల్ట్, సెంటర్ నెగటివ్ తీసుకో. ముందు బ్యాటరీతో వాయించి చూడు. హమ్ పోతే తప్పు అడాప్టర్‌దే. పోకపోతే జాజ్ బేస్ కదా, రెండు పికప్ వాల్యూములూ సమానంగా పెట్టు. చాలా జాజ్ బేస్‌లలో పికప్‌లు ఒకదానికొకటి ఎదురు చుట్టుతో ఉంటాయి, హమ్ కొట్టుకుపోతుంది.

ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకమైతే ఆ గీగీ శబ్దం కేబుళ్లలోకి గాలిలోంచే దిగుతుంది, అడాప్టర్ మార్చినా పూర్తిగా పోదు. సైన్ వేవ్ ఇన్వర్టర్‌తో ఈ గొడవ తక్కువ. ఒక్కటి మాత్రం ఎవరు చెప్పినా చెయ్యకు: హమ్ పోతుందని ఆంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ పీకడం. చెయ్యి తీగల మీద, పెదవి మైక్‌కి ఆనినప్పుడు ఆ రెంటి మధ్య వోల్టేజి తేడాకి కరెంటు నీ ఒంట్లోంచే పోతుంది.

సరిబేసి

చర్చి సంగతి మిగిలిపోయింది. బేస్ స్పీకర్ క్యాబినెట్ 4–5 కిలోహెర్ట్జ్ పైన చాలావరకు తనే మింగేస్తుంది. డీఐ నుంచి నేరుగా పీఏకి (హాలు స్పీకర్లకి) వెళ్తే మింగేవాళ్లు లేరు, ఫజ్ పొట్టంతా వాటి పై శబ్దాల హార్న్‌లోంచి ఊడిపడుతుంది. డీఐ బాక్స్ మీద స్పీకర్ సిమ్యులేషన్ స్విచ్ ఉంటే వెయ్యండి. లేకపోతే ఫజ్ ఛానెల్‌లో 4 కిలోహెర్ట్జ్ దగ్గర హై కట్, అదీ లేకపోతే హై నాబ్ పూర్తిగా కిందికి. రెండు ఛానెళ్లు ఇస్తామంటే ఫజ్ ముందు నుంచి ఒక డీఐ క్లీన్‌గా, ఫజ్ తర్వాత ఇంకొకటి తీసుకోండి. అప్పుడు ఎల్ఎస్-2 కూడా అక్కర్లేదు, మిక్సరే బ్లెండ్. ఫజ్ ఛానెల్‌లో 100 హెర్ట్జ్ కింద కోసేసి, ఆ బరువు క్లీన్ ఛానెల్‌కే వదలండి. కలిపాక పల్చబడితే మిక్సర్‌లో పొలారిటీ తిప్పే, సున్నా మీద అడ్డగీత ఉన్న బొత్తాం నొక్కి చూడమనండి.