కన్యాశుల్కం చివర్లో న్యాయం ఎవరికి జరిగింది?

చిక్కడపల్లి చదువరి:
తిట్టేవాళ్లు తర్వాత తీరిగ్గా తిట్టండి, ముందు చదవండి. గురజాడ నాటకం కన్యాశుల్కం చివర్లో న్యాయం గెలిచిందని స్కూల్లో చెప్పారు, మనమూ అదే రాసి మార్కులు తెచ్చుకున్నాం. నాకు మాత్రం అక్కడ కనపడేది న్యాయం కాదు, సర్దుబాటు.

కథ మర్చిపోయినవాళ్లకు రెండు ముక్కలు. అగ్నిహోత్రావధాన్లు చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి 1,800 రూపాయలకు కట్టబెట్టబోతాడు. తల్లి వెంకమ్మ నూతిలో దూకుతుంది. మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి ఆ ముసలాడికే పెళ్లి చేసి సంబంధం తప్పిస్తాడు. తీరా 'పెళ్లికూతురు' మాయమయ్యేసరికి ముసలాడి మీద ఖూనీ కేసు పడుతుంది. ఇంకోపక్క ఆ ఇంటి పెద్దకూతురు, వితంతువు బుచ్చమ్మను గిరీశం సంస్కరణ కబుర్లు చెప్పి లేవదీసుకుపోతాడు. ఆఖరికి వేశ్య మధురవాణి మగవేషంలో లాయరు సౌజన్యారావు ఇంటికి వెళ్లి మొత్తం చిక్కు విప్పుతుంది. ముసలాడు గట్టెక్కుతాడు, గిరీశం బండారం బయటపడుతుంది, బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపాలని లాయరుగారు తేల్చేస్తారు.

బుచ్చమ్మను ఎవరైనా అడిగారా? చివరి రంగంలో ఆమె స్టేజీ మీదకే రాదు. తండ్రి ఇచ్చేశాడు, గిరీశం తీసుకొచ్చేశాడు, లాయరు పంపించేస్తున్నాడు. క్రియ మారింది కానీ కర్మ మారలేదు.

అశోక్‌నగర్ అభ్యర్థి:
అన్నా, నేను గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నా, కాబట్టి గిరీశం తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి. ఆస్తి లేదు, ఉద్యోగం లేదు, ఉన్నదల్లా నాలుగు ఇంగ్లీషు ముక్కలు. వాటితోనే పైకి రావాలనుకున్నాడు. మా కోచింగ్ గల్లీలో అందరం చేసేది అదేగా! మాక్ ఇంటర్వ్యూలో జవాబు తెలియకపోయినా మొహంలో టెన్షన్ కనపడకూడదంటారు, భుజాలు ఇట్లా పెట్టు, నవ్వు ఇంతే నవ్వు అని నేర్పిస్తారు. "నాతో మాట్లాడ్డమే ఒక ఎడ్యుకేషన్" అన్న మాట ఆయనదే. ఫీజు మాత్రం మేం కడుతున్నాం.

ఆశ ఉండటం నేరమా? డబ్బున్నవాడి ఆశని ఆశయం అంటారు, లేనివాడిది అయితే మోసం అంటారు.

పాత తెలుగు మాస్టారు:
నాయనా, చివరి వాక్యం బాగుంది, పరీక్షలో రాసుకో. గిరీశానికి మాత్రం అది అతకదు. పైకి రావాలనుకోవడాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. సామాన్లు కొనుక్కురమ్మని పూటకూళ్లమ్మ ఇచ్చిన డబ్బు ఏం చేశాడు? శిష్యుడు వెంకటేశానికి చుట్ట కాల్చడం తప్ప ఏం నేర్పాడు? బుచ్చమ్మ దగ్గర వితంతు వివాహం గురించి అన్ని ఉపన్యాసాలు దంచాడే, అందులో ఒక్కటైనా ఆమె కోసం చెప్పాడా? మీ గల్లీలో పిల్లలు ఎవరి డబ్బూ నొక్కేయకుండా, ఇంటి నుంచి వచ్చింది తిని చదువుకుంటున్నారు. నువ్వే వాళ్లని తీసుకెళ్లి గిరీశం పక్కన నిలబెట్టకు.

ఇక చదువరిగారికి. పూనా అంటే ఏదో జైలన్నట్టు రాశారు. పూనాలో వితంతువుల కోసం సంఘసంస్కర్త కర్వే సంస్థ పెట్టింది 1896లో. అక్కడ చదువు చెప్పేవారు. ఆయన స్వయంగా 1893లో ఒక వితంతువును పెళ్లాడాడు, 1916లో మహిళా విశ్వవిద్యాలయం పెట్టాడు. ఆ రోజుల్లో బుచ్చమ్మకు ఉన్న దారులు లెక్కపెట్టండి. పుట్టింట్లో వంటగది, అబద్ధాలకోరు గిరీశం, లేదా బడి. సౌజన్యారావు బడి వైపు చూపించాడు. అంతకన్నా ఏం చేయమంటారు?

ఇంకోటి. గురజాడ ఇది ఊహించి రాసింది కాదు. విజయనగరం మహారాజు కోసం విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్ల జాబితా తీస్తే 1,034 తేలాయని మొదటి కూర్పు పీఠికలో రాశాడు. పిల్లల్లో ఐదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల ధర 350 నుంచి 400 రూపాయలట. ఈ లెక్క ముందు పెట్టుకుని చదివితే బడికి పంపడం చిన్న పని అనిపించదు.

నల్లకుంట లాయరు:
మాస్టారూ, ఆ అంకెలు నేను కాదనను. కానీ మీరిద్దరూ ఒక సంగతి వదిలేశారు. ఈ నాటకంలో ఒక్క న్యాయమైనా కోర్టులో జరిగిందా? ఖూనీ కేసు ఉంది, శవం లేదు. ముద్దాయి నిజంగానే నిర్దోషి, ఇరికించింది మనం మంచివాళ్లనుకునే కరటకశాస్త్రి మంత్రాంగం. సాక్షులు ముందే సిద్ధం, పోలీసులకు అందాల్సింది అందుతూనే ఉంటుంది. చివరికి కేసు తేలేది ఎక్కడంటే, ఒక వకీలు ఇంట్లో, రాత్రిపూట, మారువేషంలో వచ్చిన ఓ మనిషి మాట మీద. ఇవాళ నా క్లయింటు ఎవరైనా ఇలాంటి పరిష్కారం అడిగితే ఫైలు తిరిగి ఇచ్చేస్తాను!

గురజాడకి కోర్టు మీద నమ్మకం లేదనే నాకు అనిపిస్తుంది. ఆ రంగం నడిపించింది చట్టం కాదు, మధురవాణి పట్టుదల.

మౌలాలి గుట్ట:
ఇంతసేపూ ఆవిడ పేరు కోసమే చూస్తున్నా. పని చేసింది మధురవాణి, మీ చర్చేమో గిరీశం గురించి, సౌజన్యారావు గురించి.

ఆ రాత్రి ఏం జరిగిందో చూడండి. ముసలాణ్ని తప్పించే ఉపాయం చెప్పడానికి ఆవిడ అడిగిన ధర ఒక ముద్దు. వేశ్యల నీడ కూడా తగలకూడదన్న వ్రతం పట్టిన పెద్దమనిషి ఆ ధరకీ సిద్ధపడతాడు. వద్దని ఆపేది ఆవిడే. చెడనివాళ్లని చెడగొట్టొద్దని తల్లి చెప్పిందంటుంది. అంటే ఆయన వ్రతాన్ని కాపాడింది కూడా ఆవిడే. బదులుగా ఆయన ఇచ్చింది భగవద్గీత పుస్తకం. తర్వాత ఆవిడ తిండికి దారేంటో ఆయన అడగడు. సంస్కర్తల న్యాయం అక్కడిదాకే నడుస్తుంది.

మన ఊళ్లోనే ఇంకో కథ ఉంది. మహ్ లఖా బాయి చందా, నిజాం దర్బారులో నాట్యగత్తె, ఉర్దూ కవయిత్రి, జాగీర్లున్న మనిషి. 1824లో పోయింది. తల్లికి కట్టించిన సమాధి పక్కనే, మౌలాలి గుట్ట కింద ఆవిడ సమాధి ఉంది. ఆ కాలంలో అలాంటి మనిషికి భూమి ఉంది, పేరు ఉంది. తర్వాత వందేళ్లలో సభల్లో నాచ్ పార్టీలు, అంటే వేశ్యల నాట్యాలు, మానేద్దామని ప్రతిజ్ఞలు జోరుగా సాగాయి, 1947లో మద్రాసులో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. ఆడపిల్లల్ని గుళ్లకి అంకితం చేయడం ఆగాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ అప్పటికే ఆ బతుకులో ఉన్న ఆడవాళ్ల కూడు సంగతి ఎవరికీ పట్టలేదు. దర్బారు రోజులే మేలని నేనడం లేదు, మళ్లీ దాని మీద పడకండి.

అశోక్‌నగర్ అభ్యర్థి:
సరే అక్కా, గిరీశం కేసు వాపస్ తీసుకుంటున్నా. కానీ ఒక మాట. ఆయనకి పడిన శిక్ష ఏంటి? లాయరు ఇంట్లోంచి వెళ్లిపోవడం, అంతే. "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అంటాడు, హాలంతా ఈలలు. వందేళ్లకు పైగా ఆయనకే చప్పట్లు.

చిక్కడపల్లి చదువరి:
నేను చెప్పేదీ అదే. మాస్టారూ, బడి మంచిదే. అది మంచిదని బుచ్చమ్మకు చెప్పి ఒప్పించడానికి లాయరుగారికి ఐదు నిమిషాలు పట్టేది. ముక్కూ మొహం తెలియని మనిషితో రాత్రి అంతసేపు మాట్లాడిన ఆయనకు ఆ ఐదు నిమిషాలు దొరకలేదా?

పాత తెలుగు మాస్టారు:
దొరికేవి. మరి ఆమె గిరీశమే కావాలని ఉంటే?

చిక్కడపల్లి చదువరి:
అప్పుడు ఆయన నిజంగా వాదించాల్సి వచ్చేది. ఈసారి ఎవరైనా రవీంద్రభారతిలో ఈ నాటకం వేస్తే గురజాడ మాట ఒక్కటి కూడా మార్చొద్దు. ఆ రంగంలో బుచ్చమ్మను ఓ పక్కన కూర్చోబెట్టండి చాలు. పూనా మాట వచ్చినప్పుడు గిరీశాన్ని చూడాలో ఆమెను చూడాలో ప్రేక్షకులే తేల్చుకుంటారు.

నల్లకుంట లాయరు:
అలాగైతే వెంకమ్మను కూడా పిలిపించండి. ఈ కేసులో అందరికన్నా ముందు ప్రాణం పణంగా పెట్టింది ఆవిడే, సాక్షుల జాబితాలో ఆవిడ పేరే లేదు.