గడువు దాటాక కిరాయిదారు పంపుతున్న డబ్బు వాపస్ చేయాలా?

మాది మహారాష్ట్రలోని బల్లార్పూర్. మేడ మీద పోర్షన్ 11 నెలలకు లీవ్ అండ్ లైసెన్స్ (కిరాయిదారు హక్కు ఇవ్వకుండా, గడువు వరకు ఉండటానికి అనుమతి మాత్రమే ఇచ్చే ఒప్పందం) కింద ఇచ్చాం, అగ్రిమెంట్ రిజిస్టర్ అయింది. నెలకు 6,500. ఆగస్టు 31తో గడువు ముగిసింది, రెన్యువల్ చేయలేదు. అయినా ఆయన ఖాళీ చేయట్లేదు.

ముందు నోటిమాటగా అడిగాం, తర్వాత వకీలుతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాం. సంతకం చేసి తీసుకున్నాడు, జవాబు లేదు. పోలీసులు సివిల్ మ్యాటర్ అన్నారు. కరెంటు కట్ చేయమని మా బావగారి సలహా. 1999 రెంట్ కంట్రోల్ చట్టం 29వ సెక్షన్ ప్రకారం అది కుదరదు, పైగా మనమే ఇరుక్కుంటాం.

అదే చట్టం 24వ సెక్షన్ కింద కాంపిటెంట్ అథారిటీ (ఇలా ఖాళీ చేయించమనే దరఖాస్తులు విచారించే అధికారి) దగ్గర దరఖాస్తు వేద్దామనుకుంటున్నాం. గడువు దాటాక ఉన్నన్నాళ్లకు రెట్టింపు అడగొచ్చని అందులోనే ఉంది. చిక్కల్లా ఒక్కటే. ఆయన ప్రతి నెలా ఐదో తారీఖుకల్లా ఫోన్‌పేలో అదే 6,500 వేస్తున్నాడు, కింద మెసేజ్‌లో "సెప్టెంబర్ కిరాయి", "అక్టోబర్ కిరాయి" అని రాసి మరీ. తెలివైనవాడే! ఆ డబ్బు ఉంచుకుంటే కిరాయిదారుగా ఒప్పుకున్నట్టే అని ఒక వకీలు, ఏం కాదని ఇంకో వకీలు. టెన్షన్‌గా ఉంది.

మహారాష్ట్రలో 24వ సెక్షన్ కేసు నడిపినవాళ్లు చెప్పండి: దరఖాస్తు వేసేలోపు ఆ డబ్బు తిప్పి పంపేయాలా, లేక నష్టపరిహారం కింద జమ చేసుకుంటున్నామని రాతపూర్వకంగా తెలిపితే సరిపోతుందా?