పిక్సెలా, సర్వర్ ట్రాకింగా, కూపన్ కోడా? నా మూడు లెక్కలు మూడు రకాలుగా ఉన్నాయి

రేకుల బాబు:
మాది ఆత్రేయపురం పక్క ఊరండి. పూతరేకులు సొంత వెబ్‌సైట్లో అమ్ముతున్నాం. యాడ్స్ మీద నెలకి 40 వేలు పెడుతున్నా. పోయిన నెల 61 ఆర్డర్లు తెచ్చానని యాడ్స్ డాష్‌బోర్డు అంటోంది. సైటుకి ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో లెక్కేసే గూగుల్ అనలిటిక్స్‌లో యాడ్స్ ఖాతాలో ఉన్నవి 38. మా ఆర్డర్ల పుస్తకంలో మొత్తం కలిపినా 52 దాటలేదు, అందులో వాట్సాప్‌లో వచ్చినవి, తెలిసినవాళ్లవి కూడా ఉన్నాయి. "పిక్సెల్ పాతబడిపోయింది, సర్వర్ సైడ్ పెట్టించండి, 25 వేలవుతుంది" అని యాడ్స్ చూసే ఏజెన్సీ. "యాడ్‌లో కూపన్ కోడ్ పెట్టు బావా, అది వాడినవాళ్లని లెక్కేస్తే సరిపోద్ది" అని మా బావమరిది. ఎవరి మాట వినాలి?

కోడ్ కూలీ:
ధర సంగతి పక్కన పెడితే ఏజెన్సీ మాట తప్పు కాదు. పిక్సెల్ అంటే కొనేవాళ్ల బ్రౌజర్లో నడుస్తూ, ఆర్డర్ పడితే యాడ్స్ కంపెనీకి కబురు పంపే చిన్న కోడ్ ముక్క. బ్రౌజర్ అడ్డం పడితే దానికి కళ్లు లేవు. ఐఫోన్‌లో ఉండే సఫారీ బ్రౌజర్ 2020 మార్చి నుంచే థర్డ్ పార్టీ కుకీలను (మనిషిని గుర్తుపట్టడానికి బయటి కంపెనీలు బ్రౌజర్లో దాచే చీటీలను) పూర్తిగా ఆపేసింది. మన సైటు బ్రౌజర్లో నడిచే కోడ్‌తో (జావాస్క్రిప్ట్‌తో) పెట్టే సొంత కుకీకి కూడా అక్కడ ఏడు రోజులే ఆయుష్షు, యాడ్ లింకు మీద నుంచి వస్తే కొన్నిసార్లు ఒక్క రోజే. 2021 ఏప్రిల్‌లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 14.5 వచ్చాక యాప్‌లు ట్రాక్ చేయాలంటే ముందు అనుమతి అడగాలి. డాలస్‌లో కూర్చుని ఐఫోన్‌లో ఆర్డర్ పెట్టి విజయవాడలో అమ్మానాన్నలకు పంపించేవాళ్లు మీకూ ఉంటారు కదా? వాళ్లు యాడ్ నొక్కి, ఆలోచించుకుని మూడో రోజున కొంటే పిక్సెల్‌కి కొత్తవాళ్లలా కనిపించొచ్చు. సర్వర్ సైడ్ అంటే బ్రౌజర్‌తో పని లేకుండా మన సైటు సర్వర్ నుంచి పంపడం, అప్పుడు ఆర్డర్ సంగతి నేరుగా యాడ్స్ కంపెనీకి వెళ్తుంది. కొన్నవాళ్ల ఫోన్ నంబర్ హ్యాష్ చేసి (అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక వరసగా మార్చి) జత చేస్తే అవతల వాళ్ల ఖాతాతో మ్యాచ్ అవుతుంది.

తణుకు తమ్ముడు:
అన్నా, ఆయన గోల ఎక్కువ చూపిస్తోందని. నువ్వు తక్కువ చూపించే జబ్బుకి మందు రాస్తున్నావ్.
బాబు గారూ, ప్రతి యాడ్ లింకుకీ యూటీఎం (ఏ యాడ్ నుంచి వచ్చారో చెప్పేలా లింకు చివర పెట్టే గుర్తు) తగిలించండి, పైసా ఖర్చు లేదు. వాట్సాప్‌కి వెళ్లే యాడ్ అయితే ముందే టైప్ చేసి ఉండే మెసేజ్‌లో ఒక గుర్తు పెట్టండి: "బెల్లం రేకులు కావాలి, బి-2" అన్నట్టు. మాది చీరల షాపు. సగం మంది వాట్సాప్‌లో "ఎంతండీ" అని అడిగి యూపీఐ కొట్టేస్తారు. సైటు గుమ్మం తొక్కని ఆ ఆర్డర్‌ని పిక్సెల్ ఎలా చూస్తుంది?

గోదారి గట్టు:
కూపన్ మీద నాకంత నమ్మకం లేదు. దీపావళికి ఇన్‌స్టా యాడ్ కోసమే ఒక కోడ్ ఇచ్చా. మా పిన్ని దాన్ని తీసుకెళ్లి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఆ వారం నా లెక్కలో ఇన్‌స్టా హీరో. అమ్మింది మాత్రం మా పిన్ని.

లెక్కల మాస్టారు:
ఆర్డర్ ఎవరి ఖాతాలో వెయ్యాలా అని అందరూ కొట్టుకుంటున్నారు. యాడ్ లేకపోయినా ఆ మనిషి కొనేవాడా అని ఒక్కరూ అడగరేం? మెటాలో (ఫేస్‌బుక్, ఇన్‌స్టా యాడ్స్‌లో) మామూలుగా ఉండే సెట్టింగ్ ప్రకారం యాడ్ నొక్కిన ఏడు రోజుల్లో కొన్నా, నొక్కకుండా ఊరికే చూసి ఒక్క రోజులో కొన్నా ఆ ఆర్డర్ యాడ్‌దే. మీ పాత కస్టమర్ పొద్దున మీ యాడ్ దాటుకుంటూ పోయి, సాయంత్రం మీ సైటు పేరు తనే టైప్ చేసి కొన్నా అంతే. ఈబే 2012లో తన సొంత పేరు మీద కొనే సెర్చ్ యాడ్స్‌ని కొన్ని చోట్ల ఆపి చూసింది. ఆ క్లిక్కులు దాదాపు అన్నీ మామూలు సెర్చ్ ఫలితాల నుంచి ఉచితంగానే వచ్చాయి. మీరూ బెంగళూరుకి రెండు వారాలు ఆపి, హైదరాబాద్‌కి ఉంచి చూడండి.

తణుకు తమ్ముడు:
మాస్టారూ, ఈబే ఎక్కడ, ఈయనెక్కడ? బెంగళూరు నుంచి వారానికి మూడు ఆర్డర్లు వస్తాయేమో. మూడు కాస్తా రెండైతే యాడ్ ఆపినందుకా, వాన పడినందుకా?

లెక్కల మాస్టారు:
అదీ నిజమే. పోనీ ఆ "చూసి కొన్నవాళ్ల"ని వేరుగా చూపించే కాలమ్ ఒకటుంటుంది, ముందు అది తెరవండి.

అరుగు మీద:
ఫోన్ నంబర్ హ్యాష్ చేసి పంపుతామని కోడ్ కూలీ గారు తేలిగ్గా అనేశారు. ఆ నంబరు డెలివరీ కోసం ఇచ్చింది. 2023లో డేటా రక్షణ చట్టం చేసుకున్నాం. ఏ పనికని చెప్పి అనుమతి తీసుకున్నామో ఆ పనికే వాడాలి. హ్యాష్ చేస్తే ఎవరిదో తెలియదంటారు. తెలియకపోతే అవతల మ్యాచ్ ఎలా అవుతోందండీ?

కోడ్ కూలీ:
ఒప్పుకున్నా. చెకౌట్‌లో అడిగి, టిక్ పెట్టినవాళ్లవే పంపాలి.
తమ్ముడి దెబ్బకి 61 సంగతి మళ్లీ చూశా. బాబు గారూ, ఒక టెస్ట్ ఆర్డర్ పెట్టి, ఆర్డర్ అయ్యాక వచ్చే థాంక్యూ పేజీని నాలుగైదు సార్లు రిఫ్రెష్ చేయండి. అనలిటిక్స్‌కి ఆర్డర్ నంబరు పంపుతుంటే రెండోసారి వచ్చిన అదే నంబర్ని అది వదిలేస్తుంది. పిక్సెల్‌కి ఈవెంట్ ఐడీ (ఒక్కో కొనుగోలుకి ఒక గుర్తింపు నంబరు) ఇవ్వకపోతే మళ్లీ మళ్లీ లెక్కేస్తుంది. ఇది సరిచేయకుండా సర్వర్ సైడ్ కూడా పెట్టిస్తే, బ్రౌజర్‌ది ఒకటి, సర్వర్‌ది ఒకటి, ఒక్క బాక్సు రెండుసార్లు అమ్ముడుపోతుంది.

రేకుల బాబు:
ఇప్పుడే చేశానండి. మా ఆవిడ ఫోన్లో పది పీసుల బెల్లం బాక్సు ఒకటి ఆర్డర్ పెట్టి మూడుసార్లు రిఫ్రెష్ కొట్టా. డాష్‌బోర్డులో నాలుగు పర్చేజ్‌లు పడ్డాయి! పార్సిల్ ఎక్కడుందో చూసుకునే లింకు కూడా ఆ పేజీలోనే పెట్టాం, జనం రోజూ తెరుస్తారు. పైగా క్యాష్ ఆన్ డెలివరీలో తీసుకోకుండా వెనక్కి పంపిన ఏడు బాక్సులు కూడా డాష్‌బోర్డులో అమ్మకాలే.
25 వేలు ఇప్పుడు పెట్టట్లేదు. పేజీ సరిచేయించి, యూటీఎంలు తగిలిస్తా. వాట్సాప్ గుర్తు రేపటి నుంచే. ఇక మీద యాడ్ ఖర్చుని డబ్బు చేతికొచ్చిన ఆర్డర్లతోనే భాగిస్తా.

కోడ్ కూలీ:
నెల ఆగి మళ్లీ అంకెలు పెట్టండి. అప్పుడు పుస్తకం కంటే బాగా తక్కువ చూపిస్తే సర్వర్ మాట మళ్లీ ఎత్తుతా.

తణుకు తమ్ముడు:
ఆ టెస్ట్ బాక్సు ఎవరికి పంపుతున్నారు గానీ?