బిస్మత్ సెలెనైడ్ క్రిస్టల్ లోపల కూడా కరెంట్ పోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న (క్వార్ట్జ్‌గొట్టం):
అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ రెండో ఏడు, టోపలాజికల్ ఇన్సులేటర్ల (లోపల కరెంట్ పోనివ్వక, ఉపరితలం మీదే పోనిచ్చే పదార్థాలు) మీద పని. బిస్మత్, సెలీనియం ముక్కలు క్వార్ట్జ్ గొట్టంలో వేసి, గాలి తీసేసి సీల్ చేసి, 850 డిగ్రీల దగ్గర కరిగించి, రోజుల తరబడి నెమ్మదిగా చల్లారుస్తున్నాను. సెలోటేప్ అంటించి లాగితే పొర ఊడి వస్తుంది, కింద మొహం కనిపించేంత నునుపు. కానీ కొలిస్తే మామూలు లోహమే: చల్లబరిచేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతోంది. లోపల ఇన్సులేటర్, పైనే కరెంట్ అని కదా చదువుకున్నాం? పోయిన నెల ఒక గొట్టం ఫర్నేస్‌లోనే పగిలింది.

సంక్రాంతికి ఇంటికెళ్తే నాన్న "ఇది దేనికి పనికొస్తుందిరా?" అన్నారు. క్వాంటమ్ కంప్యూటర్‌కి అని చెప్పేశాను. చెప్పిన దగ్గర్నుంచి మనసులో మనసు లేదు.

జవాబు (ఫర్నేస్ అక్క):
తమ్ముడూ, ముందు ఆ టెన్షన్ వదిలెయ్. నేనూ ఆరేళ్లు ఈ క్రిస్టల్స్ పెంచాను, మొదట్లో అందరికీ ఇలాగే వస్తుంది. బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ కరెంట్ మోయాలంటే దాటాల్సిన శక్తి అంతరం) 0.3 ఎలక్ట్రాన్ వోల్టులు, లోపల ఇన్సులేటర్‌గా ఉండటానికి అది చాలు. తప్పు సెలీనియందే. అది తేలిగ్గా ఆవిరైపోతుంది, క్రిస్టల్‌లో దాని చోట్లు ఖాళీగా మిగులుతాయి. ఒక్కో ఖాళీ రెండు ఎలక్ట్రాన్లను లోపలికి వదులుతుంది. ఆ రద్దీలో ఉపరితలం మీది కరెంట్ కనబడదు. హాల్ కొలత (అయస్కాంతంలో పెట్టి, కరెంట్‌కి అడ్డంగా వచ్చే వోల్టేజ్ చూడటం) తీశావా? ఎన్-టైప్ (కరెంట్ మోసేవి ఎలక్ట్రాన్లే) అని వస్తే ఇదే కారణం. సెలీనియం కాస్త ఎక్కువ వేసి చూడు. దానికంటే Bi₂Te₂Se (సెలీనియంలో ఎక్కువ భాగం బదులు టెల్యూరియం వేసింది) మేలు, అందులో లోపలి రెసిస్టెన్స్ బాగా పెరుగుతుంది.

గొట్టం సంగతి: సెలీనియం 685 డిగ్రీలకే మరుగుతుంది. బిస్మత్‌తో కలిసేలోపే వేడి గబగబా పెంచితే ఆవిరి ఒత్తిడికి క్వార్ట్జ్ తట్టుకోదు. నెమ్మదిగా పెంచు. పగిలినప్పుడు దగ్గరికి వెళ్లకు, ఆ ఆవిరి విషం. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను.

నాన్నగారికి 25,812.807 ఓమ్‌ల కథ చెప్పు. 1980లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త క్లిట్జింగ్ సిలికాన్ ట్రాన్సిస్టర్‌ని బాగా చల్లబరిచి, పెద్ద అయస్కాంతంలో పెట్టి కొలిస్తే హాల్ రెసిస్టెన్స్ (ఆ అడ్డం వోల్టేజ్‌ని కరెంట్‌తో భాగిస్తే వచ్చేది) మెట్లుమెట్లుగా వచ్చింది. ఆ మెట్లన్నీ ఈ సంఖ్యను 1, 2, 3 లాంటి పూర్ణాంకాలతో భాగిస్తే వచ్చేవే. ముక్క ఆకారం ఏదైనా, మలినాలున్నా అది మారదు. అలా ఎందుకో చెప్పేది టోపాలజీయే, అంటే వంచినా సాగదీసినా మారని లక్షణాల గణితం. 1990 నుంచి దేశదేశాల కొలతల ల్యాబ్‌లు ఓమ్‌ని దీంతోనే సరిచూసుకుంటున్నాయి. అంటే ఇది ఇప్పటికే వాడుకలో ఉంది.

ఇక నీ క్రిస్టల్‌కి దగ్గర చుట్టం క్రోమియం కలిపిన బిస్మత్ యాంటిమొనీ టెల్యురైడ్. 2013లో చైనాలో, బయటి అయస్కాంతం లేకుండానే దాని పల్చటి పొరలో అదే విలువ చూపించారు. కానీ 30 మిల్లీకెల్విన్ల దగ్గర, అంటే పరమ శూన్య ఉష్ణోగ్రతకి కాస్తే పైన! ఆ ఉష్ణోగ్రతను పైకి తేవడమే నీబోటి వాళ్ల పని.

జవాబు (క్యూబిట్ కృష్ణ):
క్వాంటమ్ కంప్యూటర్ మాట మాత్రం జాగ్రత్తగా చెప్పాలి బ్రదర్. టోపలాజికల్ క్యూబిట్లకి (క్యూబిట్ అంటే క్వాంటమ్ కంప్యూటర్‌లో సమాచారపు మూల ముక్క) ఆధారమనుకునే మయోరానా అనే కణంలాంటి స్థితుల ఆనవాళ్లు కనిపించాయని 2018లో నేచర్ పత్రికలో వచ్చిన పేపర్‌ను 2021లో వెనక్కి తీసుకున్నారు. 2025 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ మయోరానా 1 చిప్ ప్రకటించింది, దాని మీద భౌతిక శాస్త్రవేత్తల్లోనే వాదన నడిచింది. అమరావతికి వస్తుందని ప్రకటించిన ఐబీఎం యంత్రం సూపర్‌కండక్టింగ్ క్యూబిట్లది, దానికీ నీ క్రిస్టల్‌కీ సంబంధం లేదు.

క్వార్ట్జ్‌గొట్టం:
అక్కా, చాలా థ్యాంక్స్. పాత డేటా తీసి చూశాను, ఎన్-టైపే. సోమవారం టెల్యూరియం తూచి కొత్త గొట్టం సీల్ చేస్తున్నాను. 400 డిగ్రీల దగ్గర ఒక రోజంతా ఉంచి, ఆ తర్వాతే పైకి తీసుకెళ్దామని ఉంది. సరిపోతుందా? రాత్రి నాన్నకి ఫోన్ చేసి ఓమ్ కథ చెప్పాను. కరెంటాఫీసులో ముప్పై ఏళ్లు మీటర్లు చూసిన మనిషి. "మీటర్‌ని సరిచూసే మీటర్ అన్నమాట" అన్నారు.