పెరటి కంచె మాదా, పక్కింటివాళ్లదా? తేల్చేదెలా?

మా పెరటికీ పక్కింటి పెరటికీ మధ్యనున్న చెక్క కంచె మొన్నటి గాలివానకు మా వైపు ఒరిగిపోయింది, రెండు గుంజలు నేల దగ్గర పూర్తిగా పుచ్చిపోయాయి. బాగు చేయించాల్సింది మీరేనంటున్నారు పక్కింటివాళ్లు. దస్తావేజు మొత్తం చదివాను, హద్దులూ కొలతలూ ఉన్నాయి గానీ కంచె గురించి ఒక్క ముక్క లేదు, ప్లాన్‌లో కూడా ఒట్టి గీతే. మాకు ఇల్లు అమ్మినవాళ్లను అడిగితే తాము కొనేనాటికే కంచె ఉందన్నారు. గుంజలూ అడ్డపట్టీలూ మా వైపు ఉన్నాయి కాబట్టి కంచె మాదేనని పక్కింటాయన వాదన. అది కట్టేవాళ్ల అలవాటే తప్ప రుజువు ఎలా అవుతుంది? సర్వేయర్‌ని పిలిస్తే హద్దు ఎక్కడో తేలుతుంది, కంచె ఎవరిదో తేలదు కదా. రోజూ మొహాలు చూసుకోవాల్సినవాళ్లం, గొడవ పెంచుకోవాలని లేదు. దస్తావేజులో ఏమీ రాయనప్పుడు, కంచె ఎవరి బాధ్యతో తేల్చడానికి ఇంకే కాగితం చూడాలి?