లైక్లీ లెటర్ రాకపోతే సీటు రానట్టేనా?

ప్రశ్న: అమెరికాలో ఐవీ లీగ్ (హార్వర్డ్, యేల్ వంటి ఎనిమిది పేరున్న యూనివర్సిటీలు) కాలేజీలకు రెగ్యులర్ డెసిషన్‌లో (ముందస్తుగా కాక, మామూలు గడువులో) అప్లై చేస్తే, మార్చి ఆఖరులోపే ఫలితం పసిగట్టే వీలుందా? అప్లికేషన్ స్థితి చూపే కాలేజీ పోర్టల్‌లో మార్పులను నమ్మొచ్చా?

జవాబు 1: నమ్మదగ్గది లైక్లీ లెటర్ ఒక్కటే. అక్టోబరు 1 నుంచి మార్చి 15 మధ్య రాతపూర్వకంగా పంపుతారు. మార్కులు, నడవడిక ఇలాగే ఉంటే సీటు ఇస్తామని దానర్థం. క్రీడాకారులకు ఎక్కువగా వెళ్తుంది. సీటు వచ్చేవాళ్లలో చాలామందికి అసలు ఈ ఉత్తరమే రాదు, కాబట్టి దయచేసి బెంగపెట్టుకోకండి.

జవాబు 2: పోర్టల్ రూపు మారడం సూచన కాదండీ, సైటు మరమ్మతులప్పుడూ మారుతుంది. చెక్‌లిస్టులో మిడ్ ఇయర్ రిపోర్ట్ (స్కూలు ఆఖరి ఏడాది మొదటి సగం మార్కుల నివేదిక) అందినట్టు ఉందా చూడండి. లేకపోతే స్కూల్ కౌన్సెలర్‌ను అడగండి, పంపాల్సింది వాళ్లే.

జవాబు 3: ఆర్థిక సాయం పత్రాలు అడిగితే సీటు ఖాయమని కాదు, ఫైలు అసంపూర్తిగా ఉందని. వెంటనే పంపండి. స్పామ్ ఫోల్డర్ కూడా రోజూ చూడాలి.