చొప్పడిన యూర నుండుము: నాలుగూ ఉండాలా, మూడున్నా చాలా?

ప్రశ్న

సుమతీ శతకంలో చాలామందికి నోటికొచ్చే పద్యమే.

అప్పిచ్చువాఁడు వైద్యుఁడు
నెప్పుడు నెడతెగక పాఱు నేఱును ద్విజుఁడున్
జొప్పడిన యూర నుండుము
చొప్పడకున్నట్టి యూరు సొరకుము సుమతీ

ఐక్యరాజ్యసమితి వాళ్ల మానవాభివృద్ధి సూచికలో మనది 193 దేశాల్లో 130వ స్థానం అని ఇంట్లో మాటొచ్చింది. "ఈ లెక్కలన్నీ మన శతకకారుడు ఎప్పుడో చెప్పేశాడు" అన్నారు మా మామయ్య. అది నిజమో కాదో గానీ నాకో సందేహం మిగిలింది. "చొప్పడిన" అంటే నాలుగూ ఉంటేనే ఆ ఊళ్లో ఉండమనా? ఒకటి తక్కువైనా మిగతావి బాగుంటే సర్దుకోవచ్చా? అప్పిచ్చేవాణ్ణి అందరికంటే ముందు పెట్టింది ప్రాస కోసమేనా?

జవాబు

నాలుగూ ఉండాలండీ. చొప్పడు అంటే కలుగు, సమకూరు, ఒప్పు. "ఏఱును ద్విజుఁడున్" అని సముచ్చయం ("ఇదీ, అదీ" అని కలిపి చెప్పడం) వేశాడు కాబట్టి "ఇదో అదో" అనుకోవడానికి చోటు లేదు. ఇంకా గట్టి సాక్ష్యం కావాలంటే హితోపదేశంలో ఈ పద్యానికి తోబుట్టువు లాంటి శ్లోకం ఉంది: "తత్ర మిత్ర న వస్తవ్యం యత్ర నాస్తి చతుష్టయమ్, ఋణదాతా చ వైద్యశ్చ శ్రోత్రియః సజలా నదీ". అప్పిచ్చేవాడు, వైద్యుడు, శ్రోత్రియుడు, నీళ్లున్న నది, ఈ నాలుగూ లేని చోట ఉండకు మిత్రమా అని. మన పద్యంలోని నలుగురూ అక్కడున్నారు. "చతుష్టయం" అని నాలుగింటినీ ఒక జట్టుగా కట్టేశాడు కూడా.

ఆ శ్లోకంలోనూ ఋణదాతే ముందొచ్చాడు, అందుకని ప్రాస ఒక్కటే కారణం అనలేం. కాకపోతే "అప్పు"తో ఎత్తుకోగానే కందానికి "ప్ప" ప్రాస చేతికొచ్చింది: అప్పి, నెప్పు, జొప్ప, చొప్ప. వరస చూసి వైద్యుడికంటే వడ్డీకిచ్చేవాడు ఎక్కువని మాత్రం తేల్చకండి. చాణక్యనీతిలో ఇదే భావానికి ఐదుగురి జాబితా ఉంది: "ధనికః శ్రోత్రియో రాజా నదీ వైద్యస్తు పంచమః". అక్కడ వైద్యుడు చివర్లో ఉన్నాడు. రాజు కూడా ఉన్నాడు. తెలుగు పద్యంలోకి రాజు రాలేదు, నాకైతే అది బాగానే అనిపిస్తుంది.

ఇక మీ మామయ్యగారి మాట. ఒక్క విషయంలో ఆయన చెప్పింది భలే కుదిరింది. ఈ సూచికను 1990లో పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబుల్ హక్ పూనుకుని తెచ్చారు, అమర్త్య సేన్ తోడున్నారు. ఆయుర్దాయం, చదువు, తలసరి ఆదాయం అని మూడు కొలతలు. ఒక్కోదాన్నీ సున్నాకీ ఒకటికీ మధ్య అంకెగా మారుస్తారు. మొదట్లో ఆ మూడింటినీ కూడి మూడుతో భాగించేవారు. అలా చేస్తే ఒకదాంట్లో ఉన్న లోటును ఇంకోదాంట్లో ఉన్న మిగులు పూడ్చేస్తుంది. ఓ దేశానికి ఆయుష్షులో 0.9, ఆదాయంలో 0.9, చదువులో 0.3 వచ్చాయనుకోండి. సగటు 0.7, చూడ్డానికి దిట్టంగానే ఉంటుంది.

2010లో పద్ధతి మార్చారు. ఇప్పుడు మూడింటినీ గుణించి ఘనమూలం తీస్తారు. పై దేశానికి అప్పుడొచ్చేది దాదాపు 0.62 మాత్రమే. ఏదైనా ఒకటి సున్నా అయిందా, మొత్తం సున్నాయే. పద్యంలో "సొరకుము" అన్నది సరిగ్గా ఈ లెక్కే. నాలుగింటిలో ఒకటి లేకపోతే మిగతా మూడింటికీ మార్కులు వేసే పని లేదు, ఆ ఊళ్లోకి పోనే వద్దు.

మన అంకె కూడా ఇలా విప్పి చూస్తేనే అర్థమవుతుంది. 2025 నివేదికలో భారతదేశానికి 0.685 వచ్చింది. విడివిడిగా చూస్తే ఆయుర్దాయానికి 0.80, ఆదాయానికి 0.68, చదువుకు 0.59. బడిలో ఇప్పుడు చేరే పిల్లలు సగటున 13 ఏళ్లు చదువుతారని అంచనా ఉంది గానీ, పాతికేళ్లు దాటినవాళ్లు చదివింది సగటున 6.9 ఏళ్లే. మనల్ని కిందికి లాగుతున్నది అది. 130 అన్న ఒక్క అంకె పట్టుకుని టీవీల్లో అరుచుకునేవాళ్లు ఇంతవరకూ రారు.

అయితే ఇద్దరూ చెప్పింది ఒకటే అంటే ఒప్పుకోను. "ఉండుము", "సొరకుము" అన్న క్రియలు చూడండి. ఊరు ఎంచుకోగలిగినవాడికి, మూటాముల్లె సర్దుకుని బయల్దేరినవాడికి చెప్పిన మాటలవి. ఆ ఊళ్లోనే పుట్టి కదల్లేనివాడికి ఈ పద్యం ఏమీ చెప్పదు. మానవాభివృద్ధి సూచిక మాత్రం కదల్లేనివాణ్ణి కూడా లెక్కలోకి తెచ్చేందుకు పుట్టింది. మన పద్యానికి అసలైన చుట్టం ఎకనామిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ (ఎకనామిస్ట్ పత్రిక సంస్థ పరిశోధన విభాగం) వాళ్లు ఏటా వేసే నివాసయోగ్య నగరాల జాబితా. 173 నగరాలకు భద్రత, వైద్యం, సంస్కృతి-పర్యావరణం, చదువు, మౌలిక వసతులు అన్న ఐదు పద్దుల కింద మార్కులు వేస్తారు. ఉద్యోగిని కష్టమైన నగరానికి పంపేటప్పుడు అదనపు భత్యం ఎంతివ్వాలో తేల్చుకోవడానికి కంపెనీలు వాడుకునే లెక్క అది. అక్కడ కూడా అడిగేది బయటినుంచి వచ్చేవాడి సుఖమే.

వ్యాఖ్య

మాస్టారూ, నాలుగింటిలో విశేషణం దక్కింది ఏటికి ఒక్కదానికే, గమనించారా? వైద్యుడు మంచివాడా కాదా అనలేదు. ఏరు మాత్రం "ఎప్పుడు నెడతెగక" పారాలి. నీళ్లు ఉన్నాయా అని కాకుండా, వేసవిలో కూడా ఉన్నాయా అని అడుగుతున్నాడు. ఇప్పటి అంతర్జాతీయ లెక్కల్లో సురక్షిత తాగునీరు అనిపించుకోవాలంటే ఇంటి ఆవరణలో ఉండాలి, శుభ్రంగా ఉండాలి, కావలసినప్పుడు రావాలి. ఆ మూడోదే "ఎడతెగక". వీధికి ఎన్ని కుళాయిలని రాసుకుపోయే అధికారులకు ఈ పాదం కంఠతా పట్టించాలి.

వ్యాఖ్య

ఇందులో డబ్బు లేదు, అప్పు ఉంది! నీ ఆదాయమెంత అనలేదు, అవసరానికి ఇచ్చేవాడున్నాడా అన్నాడు. 1979లో మోరిస్ డి. మోరిస్ అనే ఆర్థికవేత్త కూడా ఆదాయాన్ని పక్కనబెట్టి ఒక జీవన నాణ్యతా సూచిక చేశాడు. శిశుమరణాలు, ఏడాది నిండిన బిడ్డకు మిగిలిన ఆయుర్దాయం, అక్షరాస్యత, అంతే. శ్రీలంక, కేరళ తమ ఆదాయాన్ని బట్టి ఊహించేదానికంటే చాలా పైన తేలాయి అందులో.

వ్యాఖ్య

ద్విజుడంటే ఉపాధ్యాయుడు అని మా పిల్లలకు చెబుతున్నాను. తప్పా?

జవాబు

పిల్లలకు ఇప్పటి ఊరి గురించి చెప్పాలంటే చెప్పుకోవచ్చండీ, కానీ పద్యానికి అర్థమని మాత్రం చెప్పకండి. శ్లోకంలో శ్రోత్రియుడు అని స్పష్టంగా ఉంది, వేదం చదివిన బ్రాహ్మణుడు. ఆ ఊళ్లో ఆయన చదువు ఎవరి గడప దాకా వచ్చేదో మనకు తెలుసు. పద్యానికి మెరుగు పెట్టి ఆ సంగతి దాచేస్తే చరిత్ర పోతుంది. సూచికకూ ఇదే ఇబ్బంది వచ్చింది. సగటు బాగుంటే అందరూ బాగున్నట్టే కనబడుతుంది. అందుకే 2010 నుంచి అసమానత వల్ల పోయే భాగాన్ని తీసేసి ఇంకో అంకె కూడా ఇస్తున్నారు. మన 0.685లో 30.7 శాతం అలా కోత పడి 0.475 దగ్గర ఆగింది.

వ్యాఖ్య

మేం మెల్‌బోర్న్‌లో ఉంటామండీ. మీరు చెప్పిన నగరాల జాబితాలో 2011 నుంచి 2017 దాకా వరసగా మాదే మొదటి స్థానం. ఆ మార్కుల్లో ఇంటద్దె, ఖర్చులు అసలు లెక్కకే రావని తర్వాత తెలిసింది. ఏరుంది, పేరు యారా. అప్పిచ్చువాడు ఫోన్ చేసి మరీ ఇస్తానంటాడు, ముప్పై ఏళ్లు కట్టాలి. వైద్యుడి అపాయింట్‌మెంట్ దగ్గరే టెన్షన్. చొప్పడినట్టా, చొప్పడనట్టా?

జవాబు

చొప్పడినట్టే రాసుకోండి, ఉన్నాడు కదా! దొరుకుతాడా అని పద్యం అడగలేదు. ఏటికి వేసిన "ఎప్పుడు నెడతెగక"ను వైద్యుడికి కూడా అన్వయించవచ్చా అంటే వ్యాకరణం ఒప్పుకోదు, నాకు మాత్రం ఆశగానే ఉంది.

ఎవరి దగ్గరైనా పాత టీకాతాత్పర్యాల ప్రతి ఉంటే "చొప్పడిన" దగ్గర ఏం రాశారో ఆ పేజీ ఫొటో పెట్టండి. బడి పుస్తకాల్లో "ఉన్నట్టి" అని తేల్చేస్తున్నారు, "సమకూరిన" అని ఎవరైనా రాశారేమో చూడాలి.